ఒక్క ఇంటికే వెళ్లిన సంక్రాంతి

పండగకు వూరెళ్లి వచ్చినవాళ్లను "ఎవరెవర్ని చూసి వచ్చారు?" అని అడిగి చూడండి. వేళ్లమీద లెక్క చెబుతారు. పెదమామయ్యగారింటికి వెళ్లాం, చినబావగారింటికి వెళ్లాం, దోవలో పిన్నిగారిల్లు కూడా చూసుకున్నాం, మొత్తం ఏడిళ్లు తిరిగాం అంటారు. "వాళ్లెలా వున్నారు?" అని రెండో ప్రశ్న వేస్తే మాత్రం, "ఆఁ, బాగానే వున్నారు" అని వూరుకుంటారు. నేనూ పదిహేనేళ్లపాటు అదే జవాబు చెప్పినదాన్ని. ఈ సంగతి రేడియోలో పది నిముషాల్లో చెప్పాను. టైము చాలక అక్కడ వదిలేసినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా అత్తవారిది తణుకు దగ్గర పల్లె. ఏటా సంక్రాంతికి హైదరాబాదు నించి వెళ్లేవాళ్లం. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ నాకు వంటింట్లోనే తెల్లవారి వంటింట్లోనే పొద్దుగూకేది. అరిసెల పాకం, పోకుండలు, గారెల పప్పు, పాతిక మంది భోజనాలు. దాన్ని గురించి ఫిర్యాదు చేయటంలేదు, మీలో చాలామంది పండగా అంతేనని నాకు తెలుసు. ముక్కనుమ నాడు మాత్రం కారు మాట్లాడుకుని, సిద్ధాంతం వంతెన దాటి, రావులపాలెం మీదుగా కోనసీమ వెళ్లేవాళ్లం. అటు నా పుట్టింటి తరఫువాళ్లు వున్నారు. ఒక్క రోజులో ఆరిళ్లు. ప్రతి ఇంట్లోనూ కాఫీ, ఒక అరిసె, బొట్టు, జాకెట్టు గుడ్డ. ఆఖరిల్లు అంబాజీపేట దగ్గర మా పెద్దమ్మది. అప్పటికి చీకటి పడేది. డ్రైవరు బయట హారను మోగిస్తూ వుండేవాడు. "వస్తా పెద్దమ్మా" అని గుమ్మంలోనే కాళ్లకు దండం పెట్టి వచ్చేసేదాన్ని.

ఆ పెద్దమ్మ ఎవరనుకున్నారు? మా అమ్మ రెండేళ్లు మంచాన వుంటే నన్ను తీసుకెళ్లి పెంచిన మనిషి. నేను మెట్రిక్యులేషను దాకా వచ్చానంటే ఆవిడ చలవే. చుక్కల ముగ్గు నా వేలు పట్టుకుని నేర్పింది. అటువంటి మనిషికి ఏడాదికి పది నిముషాలు!

2022లో మా మామగారు పోయారు. పెద్దదిక్కు పోయిన ఏడాది, సంవత్సరీకం అయ్యేదాకా ఆ ఇంట్లో పండగ చేసుకోరు. ముగ్గుల్లో గొబ్బెమ్మలుండవు, కొత్తబట్టలుండవు, పిండివంటలకు మూకుడు పెట్టరు. ఈ ఆచారం ఎందుకు పెట్టారా అని చిన్నప్పుడు విసుగుపడేదాన్ని. ఇప్పుడు కొంచెం అర్థమయిందనుకుంటాను. అసలు సంక్రాంతే పెద్దల పండగ. ఆనాడు తర్పణాలు విడిచేవాళ్లు విడుస్తారు, పోయినవాళ్ల పేరు చెప్పి బట్టలు పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు. మిగతా ఏళ్లల్లో ఆ పది నిముషాలూ కానిచ్చి మళ్లీ మూకుడు దగ్గరకు పరుగెడతాం. పండగ లేని ఏడు మాత్రం చేతిలో పని వుండదు. తలచుకోవటం ఒక్కటే మిగులుతుంది.

2023 సంక్రాంతి మాకు అలా వచ్చింది. అత్తగారు అప్పటికి హైదరాబాదులో మా దగ్గరే వున్నారు. మా ఆడబిడ్డ తోడుండటానికి వచ్చింది. నేను వూరికే గదులు సర్దుతూ తిరుగుతుంటే అత్తగారే అన్నారు: "ఇక్కడ చేసేదేముందమ్మా? మీ పెద్దమ్మ దగ్గరకు వెళ్లి నాలుగు రోజులుండి రా. ఆవిడ కూడా ఒంటరిదే కదా."

ఏడాదిలో వున్నవాళ్లు పండగపూట ఇంటికి రావటం కొందరికి పట్టింపు. ఇటువంటప్పుడు ముందుగా ఫోనులో అడిగేయటం మర్యాద. నేనూ అడిగాను. "నా ఇంటికి రావటానికి నీకు మంచీచెడ్డా ఏమిటే! రా" అంది పెద్దమ్మ.

ఇక ప్రయాణం సంగతి. సంక్రాంతి ప్రయాణమంటే భయపడేవాళ్లకోసం ఇది కాస్త వివరంగా చెబుతాను. మొట్టమొదట పంచాంగం చూసుకోవాలి. ఉగాది, దసరా తిథుల్నిబట్టి వస్తాయి కాబట్టి ఏటా తేదీ మారుతుందని మనకు తెలుసు. సంక్రాంతి సూర్యుణ్ణిబట్టి వస్తుంది కాబట్టి మారదనుకుంటాం. అదీ మారుతుంది, కాకపోతే మెల్లిగా. సూర్యుడు మళ్లీ అదే రాశిలోకి రావటానికి పట్టే కాలం మన క్యాలెండరు ఏడాదికన్నా ఇరవై నిముషాలు ఎక్కువ. ఆ నిముషాలు పోగుపడి డెబ్బై ఏళ్లకు ఇంచుమించు ఒక రోజు ముందుకు జరుగుతుంది. స్వామి వివేకానందుడు సంక్రాంతినాడే పుట్టాడు. ఆ రోజు 1863 జనవరి 12. ఇప్పుడు 14 గాని, 15 గాని అవుతోంది. 2024లో 15న వచ్చింది, 2025లో 14న వచ్చింది. సంక్రమణం పొద్దుగూకిన తరువాత జరిగితే పండగ మర్నాటికి పోతుంది. ఈ ఒక్క రోజు తేడా చూసుకోక సెలవు ఒకనాటికి, టిక్కెట్టు ఒకనాటికి తీసుకుని అవస్థపడినవాళ్లను చూశాను.

రైలు రిజర్వేషను పూర్వం 120 రోజుల ముందు ఇచ్చేవారు. 2024 నవంబరు 1 నించి దాన్ని 60 రోజులకు తగ్గించారు. జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13 పొద్దున ఎనిమిది గంటలకు టిక్కెట్టు కోసం సిద్ధంగా కూర్చోవాలన్నమాట. ఇంకో సంగతి చాలామంది ఆడవాళ్లకు తెలియదు. ఒంటరిగాగాని ఇద్దరుగాగాని ప్రయాణం చేసేటప్పుడు, నలభై అయిదేళ్లు నిండిన స్త్రీలకు కింది బెర్తుల కోటా ఒకటి వుంది. వయసు ఒప్పుకోవటానికి సిగ్గుపడకుండా దాన్ని అడిగి తీసుకోండి. పెద్దవాళ్లకు టిక్కెట్టులో ఇచ్చే రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆపేశారు. అమ్మనో అత్తగారినో వెంట తీసుకెళ్లేవాళ్లు పూర్తి డబ్బులు చూసుకుని బయల్దేరాలి.

కార్లో వెళ్లేవాళ్లకు పంతంగి టోలుగేటు దగ్గర పండగ ముందురోజుల్లో జరిగే ఆలస్యం నేను చెప్పనక్కర్లేదు. నేను కనిపెట్టిన చిట్కా ఒకటే. అందరూ భోగి లోపల చేరాలని కొట్టుకుంటారు, కాబట్టి భోగినాటి రాత్రి రైల్లో జనం పలచబడతారు. ఇంట్లో పండగ లేదు గనక నాకు తొందర లేదు. భోగి రాత్రి గౌతమి ఎక్కి, పండగనాడు పొద్దున రాజమండ్రిలో దిగి, బస్సు మారి పెద్దమ్మ వూరు చేరాను. దోవపొడుగునా ఆరిపోయిన భోగిమంటల బూడిద, పెద్ద పెద్ద ముగ్గులు. మిఠాయి పెట్టె తీసుకెళ్లలేదు. ఆవిడకు చక్కెర జబ్బు. ఏటా మేమందరం తలా ఒక పెట్టె పట్టుకెళ్లి ఇచ్చేవాళ్లం, ఆవిడ వాటిని పాలేరు పిల్లలకు పంచిపెట్టేదిట. ఈ సంగతీ ఆ ఏడే తెలిసింది.

పెద్దమ్మ కొడుకు మస్కట్లో వున్నాడు, కూతురు విశాఖపట్నంలో. వాళ్లను అనటానికి లేదు. కొడుకు ప్రతి ఆదివారం ఫోనులో ముఖం చూసి మాట్లాడతాడు. నెలనెలా డబ్బు పంపుతాడు. పనిమనిషి పొద్దున వచ్చి గిన్నెలు కడిగి, ఇంత కూర వండి పోతుంది. బయటనించి చూస్తే ఏ లోటూ లేదు.

ఆ సాయంత్రం ఆరున్నరయింది. దీపం వేయలేదు. "లైటు వేయనా?" అంటే "నీకు కావాలంటే వేసుకో" అంది. రాత్రి ఏం వండుకుంటావంటే, "రాత్రిళ్లు అటుకుల్లో మజ్జిగ పోసుకుంటాను, తేలిగ్గా వుంటుంది" అంది. వయసుకదా, అరగదు కాబోలు అనుకున్నాను. పెరటి గుమ్మంనించి స్నానాలగది దాకా నడుమెత్తున ఒక తాడు కట్టి వుంది. బట్టలారేసుకోవటానికి అనుకుని నా తువ్వాలు దానిమీద వేశాను. కాసేపటికి ఆవిడ ఆ తాడు పట్టుకుని వస్తూ, చేతికి తువ్వాలు తగిలి ఆగిపోయింది. ఏమీ అనలేదు. తువ్వాలు తీసి భుజాన వేసుకుని మళ్లీ తాడు పట్టుకుని నడిచింది. నేను చూశాను. చూసి కూడా అర్థం చేసుకోలేదు.

మర్నాడు కనుమ. తొమ్మిది గంటల బస్సుకు వెళ్లి మిగిలిన అయిదిళ్లూ చుట్టిరావాలని నా ప్లాను. అలవాటు ఎక్కడికి పోతుంది! సంచి సర్దుతుంటే పెద్దమ్మ, "కనుమనాడు కాకి కూడా కదలదు, నువ్వెక్కడికే?" అంది.

ఈ సామెత అందరం అంటూనే వుంటాం. దీనికి కారణం ఆలోచిస్తే చాలా మామూలుది. ఒకప్పుడు ప్రయాణమంటే ఎడ్లబండి. కనుమ పశువుల పండగ. ఆ రోజు ఎద్దులకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులు వేసి, పూజ చేస్తారేగాని మెడమీద కాడి వేయరు. ఎద్దులకు సెలవైతే వచ్చిన చుట్టానికి కూడా ఆ రోజు ప్రయాణం లేదు. మినపగారెలు తిని, ఆగిపోవలసిందే. ఇప్పుడు బండ్లకు ఎద్దులు లేవు గనక ఆ నియమం పోయింది. మనకు ఏడాదికి ఒక్క రోజైనా కదలకుండా వుండే వీలు కూడా దాంతోపాటే పోయింది. తెలంగాణాలో దసరానాటి సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని పెద్దవాళ్లిళ్లకు వెళతారు కదా, అదికూడా ఈ మధ్య స్కూటరు ఆపకుండానే చేతిలో పెట్టి వెళ్లిపోతున్నారని మా పక్కింటి వరంగల్లు ఆవిడ చెప్పుకుని బాధపడింది.

సరే, వుండిపోయాను. పప్పు నానబోసి రుబ్బాను. మా ఇంట్లో మూకుడు పెట్టకూడని ఏడాది, ఆవిడ ఇంట్లో ఆవిడకోసం నాలుగు గారెలు వేయవచ్చా అని కొంచెం సందేహించాను. ఆవిడ నవ్వి, "మీ మామగారికి గారెలంటే ఇష్టమా?" అని అడిగింది. "ప్రాణం" అన్నాను. "అయితే వెయ్యి, ఆయన పేరు చెప్పుకుని తిందాం" అంది. పదిహేనేళ్లలో మా మామగారి గురించి ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట అది. అడగటానికి నేనెప్పుడైనా కూర్చుంటే కదా!

కనుమనాడు మనుషులు కదలకపోయినా ఆ ప్రాంతంలో దేవుళ్లు కదులుతారు. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట అని ఒక కొబ్బరితోట వుంది. అక్కడ గుడేమీ లేదు, ఉత్త తోటే. చుట్టుపక్కల పదకొండు వూళ్ల శివాలయాలనించి ఏకాదశ రుద్రుల్ని ప్రభలమీద పెట్టుకుని ఆ తోటకు తెస్తారు. ప్రభ అంటే వెదురుతో కట్టి, రంగురంగుల బట్టలు, పూలు, నెమలి ఈకలు అలంకరించిన పెద్ద పల్లకీలాంటిది. భుజాలమీద మోస్తారు. దోవకడ్డంగా వరిచేను వుంటే చేలోంచే నడుస్తారు, పంట తొక్కారని రైతు ఏమీ అనడు. గంగలకుర్రు వైపువి కౌశిక కాలవ నీళ్లలో దిగి దాటుతాయి. పదకొండు మందీ ఒకచోట చేరి, ఆ ఒక్క పూట కూర్చుని, ఎవరి వూరికి వాళ్లు వెళ్లిపోతారు. అదే ప్రభల తీర్థం. ఆ ఏడే, సరిగ్గా పది రోజుల తరువాత, ఢిల్లీలో రిపబ్లిక్ దినోత్సవానికి ఆంధ్రప్రదేశ్ శకటంగా దాన్నే పంపారు.

చిన్నప్పుడు పెద్దమ్మ నన్ను చంకనేసుకుని నడిపించుకెళ్లేది. "పోదామా?" అన్నాను. "జనంలో ఎందుకులే, ఇటునించే ఒక ప్రభ వెళుతుంది, అరుగుమీద కూర్చుంటే కనిపిస్తుంది" అంది. కూర్చున్నాం. మధ్యాహ్నం బాజాలు వినిపించాయి. ప్రభ ఎడమవైపు మలుపు తిరిగి మా ముందునించి వెళ్లిపోయింది. పెద్దమ్మ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది, కుడివైపు తిరిగి. ప్రభ అప్పటికి ఇంకా ఎడమవైపే వుంది. ఎదురింటి గోడనించి చప్పుడు తిరిగి వచ్చి ఆవిడను మోసం చేసింది.

అప్పుడు నాకు తాడు అర్థమయింది. వేయని దీపం అర్థమయింది. రాత్రిపూట పొయ్యి ముట్టించకపోవటం అర్థమయింది. వారం ముందు పైటచెంగు అంటుకుంటే చేత్తో నలిపి ఆర్పుకున్నదిట. ఆ చీర మడతలో కాలిన చోటు చూపించమన్నాకగాని చూపించలేదు. "పిల్లాడు అంత దూరంలో వున్నాడు, చెప్పి ఏం చేస్తాడు? దిగులుపడతాడు" అంది. నాలుగేళ్ల క్రితం ఎవరికో చూపించుకుంటే, పొర ఇంకా ముదరలేదు, ముదిరాక రమ్మన్నారుట. ముదిరిందో లేదో ఆవిడకెలా తెలుస్తుంది? ఎవరు తీసుకెళతారు?

ఈ ముదరటం సంగతి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే పల్లెల్లోనే కాదు, పట్నాల్లో కూడా ఇదే నమ్మకం. కంటిలోపలి కటకం వయసుతో మసకబారటమే శుక్లం. అద్దాలు మార్చినా లాభం వుండదు. పూర్వపు పద్ధతిలో అది గట్టిపడ్డాక తీసేవారు కాబట్టి ముదిరేదాకా ఆగమనేవారు. ఇప్పుడు ఆ అవసరం లేదు. మనిషి పనులకు అడ్డం వస్తున్నదనిపిస్తే చాలు. మసక కటకం తీసి కృత్రిమ కటకం పెడతారు, మామూలుగా అదేరోజు ఇంటికి పంపిస్తారు. కొన్ని వారాలు చుక్కల మందు వేయాలి, కంట్లో నీళ్లు పడకుండా చూసుకోవాలి. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలయింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ ఆపరేషను ఉచితంగానే చేస్తారు. చక్కెర జబ్బున్నవాళ్లకు శుక్లం తొందరగా వస్తుంది, కంటి వెనకపొర కూడా దెబ్బతినవచ్చు. అందుకని వాళ్లకు చూపు బాగున్నా ఏడాదికొకసారి కళ్లు పరీక్ష చేయించాలి.

ఇంత చిన్న సంగతి ఏటా వెళుతున్న నాకు ఎందుకు కనిపించలేదా అని తరువాత చాలా ఆలోచించాను. పది నిముషాలు చూడటానికి వచ్చిన చుట్టానికి ఎవరైనా పది నిముషాల ముఖమే చూపిస్తారు. కుర్చీ ఎక్కడుందో ఆవిడకు తెలుసు, మంచినీళ్ల చెంబు ఎక్కడుందో తెలుసు. గొంతునిబట్టి ఎవరొచ్చారో తెలుసు. ఫోనులోనైతే ముఖం ఒక్కటే కనిపిస్తుంది, గోడమీద తడుముకున్న చేతిమరకలు కనిపించవు. ఒక రాత్రి పడుకుంటేనే ఇల్లు నిజం చెబుతుంది.

అందుకని మీరు ఈసారి వెళ్లినప్పుడు ఒక్కరి దగ్గరైనా ఒక రాత్రి వుండండి. మీరు వంట చేస్తానని మొత్తం లాక్కోకండి, పక్కన కూర్చుని ఆవిడ చేస్తుంటే చూడండి. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతున్నదా? గోడమీది క్యాలెండరు కాగితం ఏ నెల దగ్గర ఆగిపోయింది? మందుల అట్టల్లో ఎన్ని మాత్రలు మిగిలాయి, నెలకిచ్చినవి రెండు నెలలనించి వస్తున్నాయా? రాత్రి లేచినప్పుడు గోడ పట్టుకుంటున్నారా? ఇవేవీ అడిగితే చెప్పరు. అడగటం కూడా పోలీసులా అడగకూడదు, ఆవిడ ఇల్లు ఆవిడది. నేను ఆ తొందరలో "ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అని గట్టిగా అరిచేశాను. పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "నువ్వు కూర్చున్నదెప్పుడు?" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ రాత్రి మస్కట్ ఫోను చేసి నేనే చెప్పాను. తమ్ముడు ఫోనులోనే ఏడ్చాడు. వాళ్లక్కయ్య మూడోనాటికి విశాఖనించి వచ్చింది. ఫిబ్రవరిలో ఒక కన్ను, మార్చిలో రెండోది చేయించారు. నేను మిగిలిన అయిదిళ్లకూ ఆ ఏడు వెళ్లలేదు. ఇద్దరు ముగ్గురు నిష్ఠూరమాడారు, పడ్డాను. ఇప్పుడు ఏటా ఒక్కో ఇంటికి వెళ్లి రెండేసి రోజులుంటున్నాను. మా వారూ పిల్లలూ తణుకులో పండగ చూసుకుంటారు. గారెల పప్పు రుబ్బటం మా అబ్బాయికి వచ్చింది, అరిసెల పాకం మాత్రం ఇంకా ముదరబెడుతున్నాడు.

2024 సంక్రాంతికి మళ్లీ పెద్దమ్మ ఇంటికే వెళ్లాను. పెరట్లో తాడు అలాగే వుంది, దానిమీద బట్టలారేసి వున్నాయి. భోగినాడు తెల్లవారుజామున చలిలో వణుకుతూ ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు మొదలుపెట్టాను. ఆవిడ శాలువా కప్పుకుని అరుగుమీద కూర్చుని చూస్తున్నది. సగం గీతలు కలిపానో లేదో, "మూడో వరుసలో చుక్క ఒకటి తప్పిందే, చెరిపి మళ్లీ పెట్టు" అంది.